తూర్పు ఆసియా చదువు: రెండు గుమ్మాలు

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత కొన్ని తెలుగు ఇళ్ళలో ఈ మధ్య ఒక కొత్త సంభాషణ వినవస్తున్నది. అమ్మాయి ఢిల్లీ వెళ్ళి కొరియా భాష చదువుతానంటుంది. తండ్రి కళ్ళజోడు సవరించుకొని, "అది చదివి ఏం చేస్తావమ్మా?" అని అడుగుతాడు. "ఉద్యోగాలున్నాయట నాన్నా" అని ఆమె జవాబు. "ఎక్కడున్నాయి? ఎవరిచ్చారు?" అని ఆయన రెండవ ప్రశ్న. దానికి ఇంట్లో ఎవరి వద్దా సమాధానం ఉండదు. చివరకు దరఖాస్తులో ప్రాధాన్యక్రమం నింపవలసిన రాత్రి, కోర్సు పేర్లలో ఏది ఘనంగా వినిపిస్తే దానిని మొదట వ్రాసి ఊరుకుంటారు. మూడేళ్ళ యౌవనమూ, ఒక మధ్యతరగతి కుటుంబం కూడబెట్టిన సొమ్మూ ఆ ఒక్క పేరు మీద ఆధారపడతాయి.

చిక్కంతా ఆ పేరులోనే ఉన్నది. 'తూర్పు ఆసియా అధ్యయనం' అన్న ఒక్క మాట కింద స్వభావంలో ఎంతో భేదం గల రెండు చదువులు తలదాచుకొని ఉన్నాయి. ఒకటి భాషాధ్యయనం: చైనా, జపాన్, కొరియా భాషలలో ఒకదానిని అక్షరాభ్యాసం నుంచి సాహిత్యం వరకు నేర్చుకోవడం. రెండవది ప్రాంతీయాధ్యయనం: ఆ దేశాల చరిత్ర, రాజకీయాలు, ఆర్థిక వ్యవస్థ, విదేశాంగ విధానం పరిశీలించడం. ఇంటి పేరు ఒకటే అయినా గుమ్మాలు రెండు. ఒక గుమ్మంలో అడుగుపెట్టదలచినవారు తెలియక రెండవ గుమ్మంలో ప్రవేశించి, ఏడాది గడిచిన తరువాత విచారించడం అరుదైన విషయం కాదు.

ఈ రెండు మార్గాలు ఢిల్లీలో ఎట్లా ఏర్పడ్డాయో తెలుసుకుంటే భేదం సులువుగా బోధపడుతుంది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు, అంటే 1948లో, రక్షణ మంత్రిత్వ శాఖ ఆధ్వర్యాన విదేశీ భాషా పాఠశాల వెలసింది. 1955లో సప్రూ హౌస్ కేంద్రంగా భారత అంతర్జాతీయ అధ్యయన సంస్థ ఆరంభమైంది. ఆపైన 1962 యుద్ధం వచ్చింది. వేల మైళ్ళ సరిహద్దుకు ఆవలనున్న దేశం భాష చదవగలవారు మన దగ్గర ఎంత కొద్దిమందో ఆ యుద్ధం తెలియజెప్పింది. రెండేళ్ళకు, 1964లో, ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చైనా అధ్యయన విభాగం రూపుదిద్దుకొన్నది. తరువాత అందులో జపాన్, ఇంకా తరువాత కొరియా చేరగా, అదే నేటి తూర్పు ఆసియా అధ్యయన శాఖ. 1969లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం ప్రారంభమైంది. సప్రూ హౌస్‌లోని సంస్థ 1970లో ఆ విశ్వవిద్యాలయంలో విలీనమై అంతర్జాతీయ అధ్యయన విభాగంగా మారింది. భాషలకు మాత్రం అదే ఆవరణలో వేరే విభాగం ఏర్పడింది. అనగా నెహ్రూ విశ్వవిద్యాలయంలో ఈ రెండు గుమ్మాలు రెండు వేరువేరు భవనాలలో ఉన్నవన్నమాట.

మొదటి గుమ్మం సంగతి ముందు చూద్దాం. ఇంటర్మీడియట్ ముగించిన విద్యార్థి నెహ్రూ విశ్వవిద్యాలయంలో చైనీస్, జపనీస్, కొరియన్ భాషలలో బి.ఏ. ఆనర్స్‌కు చేరవచ్చు. భాషతో పూర్వపరిచయం అవసరం లేదు. 2022 నుంచి ఈ ప్రవేశాలు కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి పరీక్ష ద్వారా జరుగుతున్నాయి. ప్రవేశం దొరికిన తరువాతనే అసలు పరీక్ష మొదలవుతుంది. మొదటి ఏడాదంతా పలకా బలపమే. జపనీస్ విద్యార్థి ముందు రెండు అక్షరమాలలు నేర్చుకొని, ఆ తరువాత చైనా నుంచి వచ్చిన లిపిసంకేతాల పని పట్టాలి. నిత్యవ్యవహారానికి జపాన్ ప్రభుత్వం 2010లో నిర్ణయించిన సంకేతాల సంఖ్య 2,136. చైనాలో 2013 నాటి అధికార పట్టికలో మొదటి శ్రేణి అక్షరాలే 3,500. కొరియా విద్యార్థికి మాత్రం లిపి వరప్రసాదం. పదిహేనవ శతాబ్దంలో సెజోంగ్ రాజు ప్రజల కోసం రూపొందించిన ఆ లిపిలో మూలాక్షరాలు నేడు 24 మాత్రమే. వారం రోజులలో చదవడం వస్తుంది. అర్థం కావడానికి మాత్రం ఏళ్ళు పడుతుంది.

ఎన్నేళ్ళు? అమెరికా విదేశాంగ శాఖ తన దౌత్యోద్యోగులకు భాషలు నేర్పే అనుభవం మీద ఒక లెక్క వేసుకొన్నది. ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి ఫ్రెంచి భాష పట్టుబడటానికి సుమారు 30 వారాలు, మన తెలుగుకు 44 వారాలు, చైనా, జపాన్, కొరియా భాషలకు 88 వారాలు, అంటే 2,200 తరగతి గంటలు. పూర్తికాలం అదే పనిగా కూర్చున్నవారి లెక్క ఇది. వారానికి నాలుగు గంటల సాయంకాలపు సర్టిఫికెట్ కోర్సుతో భాష వచ్చేస్తుందని ఎవరైనా అంటే ఈ అంకెను గుర్తు చేసుకోవడం మంచిది.

అయితే ఆ లెక్క ఇంగ్లీషువారిది. తెలుగు విద్యార్థి వట్టి చేతులతో బయలుదేరడు. జపాన్ అక్షరాల వరుస చూడండి: అ, ఇ, ఉ, ఎ, ఒ. తరువాత క, స, త, న, హ, మ, య, ర, వ. మన బాలశిక్ష తెలిసినవారికి ఇది పాత బంధువు ముఖం వలె కనిపిస్తుంది. సంస్కృత వర్ణక్రమాన్ని బౌద్ధ భిక్షువులు అధ్యయనం చేయడం వల్ల ఏర్పడిన క్రమమిది. వాక్యనిర్మాణంలోనూ అంతే. 'నేను పుస్తకం చదువుతాను' అన్నదానికి జపనీస్‌లో 'వతాషి వ హోన్ ఒ యోము' అంటారు. కర్త, కర్మ, చివర క్రియ. మధ్యనున్న 'వ', 'ఒ' అన్నవి మన విభక్తి ప్రత్యయాల వంటివి. కొరియన్ వాక్యమూ ఇదే బాట పడుతుంది. ఎదుటివారి వయసును, హోదాను బట్టి క్రియారూపం మారడం 'నువ్వు', 'మీరు' అలవాటైన మనకు వింత కాదు. ఇందువల్ల తెలుగు ఆ భాషలకు చుట్టమని ఎవరూ తీర్మానించనక్కరలేదు. పోలిక ఉన్నంత మాత్రాన బంధుత్వం సిద్ధించదు. కాని నేర్చుకొనేవారికి పోలిక కూడా పెట్టుబడే.

చైనా భాష దారి వేరు. 'వో ఖాన్ షూ': నేను, చదువు, పుస్తకం. ఇంగ్లీషు వరుస. విభక్తులు లేవు, క్రియకు కాలరూపాలు లేవు. దానికి బదులు స్వరం ఉన్నది. 'మా' అన్న ఒక్క ధ్వనిని నాలుగు స్వరాలలో పలికితే తల్లి, నార మొక్క, గుర్రం, తిట్టడం అని నాలుగు అర్థాలు వస్తాయి. చెవి శిక్షణ లేనివారికి ఇది అగ్నిపరీక్ష. సంగీతం కొంత నేర్చినవారికి కొంత ఊరట కలగవచ్చు.

ఇక రెండవ గుమ్మం. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో తూర్పు ఆసియా అధ్యయనంలో ఎం.ఏ. ఉన్నది. భాషలకు సంబంధించిన డిప్లొమా కోర్సులను కూడా ఆ శాఖే నిర్వహిస్తుంది. నెహ్రూ విశ్వవిద్యాలయపు అంతర్జాతీయ అధ్యయన విభాగంలో ఈ ప్రాంతంపై పరిశోధనకు ప్రత్యేక కేంద్రమున్నది. ఏ విషయంలో డిగ్రీ పొందినవారైనా చరిత్ర, రాజనీతి, ఆర్థికశాస్త్రాలపై ఆసక్తి ఉంటే ఇటు రావచ్చు. ఇక్కడి పఠనం చాలావరకు ఇంగ్లీషులో సాగుతుంది. మెయిజీ పునరుద్ధరణ, చైనా విప్లవం, కొరియా విభజన, 1978 తరువాత చైనాలో వచ్చిన ఆర్థిక సంస్కరణలు మొదలైనవి పాఠ్యాంశాలు. పత్రికా రచన, పరిశోధన, దౌత్యం వైపు చూసేవారికి ఇది తగిన మార్గం.

కాని ఇందులో ఒక ప్రమాదం పొంచి ఉన్నది. భాష రాకుండా ఒక దేశాన్ని అధ్యయనం చేసేవారు ఎల్లప్పుడూ ఇతరులు ఎంచి, అనువదించి ఇచ్చిన దానినే చదవవలసి ఉంటుంది. బీజింగ్‌లో జరిగినది వాషింగ్టన్‌లోనో, లండన్‌లోనో అర్థమైన తరువాతనే వారికి అర్థమవుతుంది. 1962 నేర్పిన గుణపాఠం ఇదే. అటు మొదటి గుమ్మంలో వెళ్ళినవారికి మరొక రకం లోటు కలుగుతుంది. లిపిసంకేతాలు రెండు వేలు వచ్చినా, ఆ దేశ చరిత్ర తెలియనివారు వార్తాపత్రిక శీర్షికను చదవగలరే కాని, అది ఎవరిని ఉద్దేశించి వ్రాసినదో గ్రహించలేరు. అందుచేత ఏ గుమ్మం నుంచి వెళ్ళినా రెండవ గది తలుపు మూసివేయకూడదు. ఆ రెంటిలో భాష ముందు, విషయం తరువాత అన్న క్రమం మేలైనది. చరిత్రను ముప్పైయవ ఏట కూడా ఆరంభించవచ్చు. స్వరాలు, సంకేతాలు పద్దెనిమిదవ ఏట పట్టుబడినంత సులువుగా అప్పుడు పట్టుబడవు.

తండ్రి అడిగిన రెండవ ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పవచ్చు. ఉద్యోగాలు ఎక్కడున్నవి? ఢిల్లీ పొలిమేరలలోనే ఉన్నవి. సుజుకీ భాగస్వామ్యంతో మారుతి కారు గుర్గావ్‌లో 1983లో బయటకు వచ్చిన నాటి నుంచి జపాన్ సంస్థలు అక్కడ స్థిరపడుతూ వచ్చాయి. నోయిడా, గ్రేటర్ నోయిడాలలో కొరియా సంస్థల కర్మాగారాలున్నాయి. మన వైపు చూస్తే, పెనుకొండ సమీపాన కియా కార్ల ఉత్పత్తి 2019లోనూ, శ్రీసిటీలో జపాన్‌కు చెందిన ఇసుజు కర్మాగారం 2016లోనూ మొదలయ్యాయి. విదేశాంగ సేవకు ఎంపికైనవారికి ప్రభుత్వమే ఈ భాషలు నేర్పిస్తుంది.

మరొక మాట కూడా తండ్రికి దాచకుండా చెప్పాలి. మామూలు వాణిజ్య లేఖలను నేడు యంత్రమే తర్జుమా చేస్తున్నది. అరకొర భాషతో దొరికే చిన్న ఉద్యోగాలకు ఇది గొడ్డలిపెట్టు. జపనీస్ ప్రమాణ పరీక్షలో ఐదు శ్రేణులున్నవి. అందులో అట్టడుగు శ్రేణి యోగ్యతాపత్రం చూపి జీవనోపాధి ఆశించడం అడియాస. రెండు సంస్థలు బల్లకు ఇరువైపులా కూర్చున్నప్పుడు, ఒక పక్షం మర్యాదకు అన్న 'ఆలోచిస్తాము' నిజానికి 'వద్దు' అని గ్రహించి, నొప్పించకుండా అందజేయగల మనిషికి మాత్రం గిరాకీ తగ్గదు. సాహిత్యంలోనూ ఆ వెలితి ఉన్నది. చైనా, జపాన్ రచనలు తెలుగులోకి వచ్చినవి చాలావరకు ఇంగ్లీషు మీదుగా వచ్చినవే. 2024లో కొరియా రచయిత్రి హాన్ కాంగ్‌కు నోబెల్ బహుమతి లభించింది. ఆమె గ్రంథాన్ని కొరియన్ నుంచి నేరుగా తెలుగు చేయగలవారి కోసం వెదకితే వేళ్ళు ముడవడం కూడా కష్టమే.

కనుక దరఖాస్తు నింపే ముందు విద్యార్థి కోర్సు పేరు పక్కన పెట్టి పాఠ్యప్రణాళిక తెప్పించి చూడాలి. వారానికి భాషకు కేటాయించిన గంటలెన్ని? చివరి సంవత్సరంలో ఆ భాషలోని గ్రంథాలు మూలంలో చదివిస్తారా, లేక అనువాదాలతో సరిపెడతారా? ఆ దేశానికి వెళ్ళి చదివే అవకాశమున్నదా? జపాన్, కొరియా ప్రభుత్వాలు విదేశీ విద్యార్థులకు ఇచ్చే ఉపకారవేతనాలు ఉన్నవి గనుక వాటి అర్హతలు మొదటి ఏడాదిలోనే తెలుసుకొని ఉండటం లాభం. ఇంకా సంశయం తీరనివారు హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం వంటి చోట సంగతులు విచారించవచ్చు. లేదా ఇంటి దగ్గరనే మూడు నెలలు ఒక వాచకం ముందు పెట్టుకొని కూర్చోవచ్చు. రోజుకు పది సంకేతాలు వ్రాసి, మర్నాడు ఆరు మరచిపోయి, మళ్ళీ కూర్చోగల ఓపిక తనలో ఉన్నదో లేదో ఎవరికి వారికే తెలుస్తుంది. టెలివిజన్ ధారావాహిక మీద మక్కువ బయలుదేరడానికి చాలును. నిలవడానికి మాత్రం ఈ ఓపిక కావాలి.

దాదాపు పద్నాలుగు శతాబ్దాల నాడు హ్యూయన్‌త్సాంగ్ చైనా నుంచి మన ఆంధ్రదేశానికి వచ్చి, కృష్ణాతీరాన ధాన్యకటకంలో కొన్ని నెలలుండి, ఇద్దరు భిక్షువుల వద్ద శాస్త్రం చదివాడు. వారికి ఆయన తనకు తెలిసినది బోధించాడు. 645లో 657 గ్రంథాలతో స్వదేశం చేరి, శేషజీవితం అనువాదంలో గడిపాడు. సంస్కృతం క్షుణ్ణంగా నేర్చినందువల్లనే ఆయనకు అది సాధ్యమైంది. ఆ రాకకు బదులు పోక మన వైపు నుంచి ఇంకా చాలా బాకీ ఉన్నది. కొరియా భాష చదువుతానన్న అమ్మాయికి ఆ తండ్రి అనుమతి ఇవ్వవచ్చు. అయితే కోర్సు పేరు చూసి కాక, అందులోని భాషాబోధన గంటలు లెక్కపెట్టి మరీ ఇవ్వాలి.