తాతయ్యకి జ్వరం రాలేదు



సెలవులు వస్తున్నాయంటే మనందరి ఇళ్ళల్లో టికెట్ల హడావిడి మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఎవరికో ఒకరికి ఇంటర్వ్యూ పిలుపు వస్తే ఏం చేయాలి? మా ఇంట్లో జరిగింది మీకు చెప్పి, ఆ తర్వాత నా అభిప్రాయం చెబుతాను.

గత దసరా సెలవుల్లో తిరుమల వెళ్దామని చాలా ముందే అనుకున్నాం. మా అత్తయ్య, మామయ్యలకి ఎన్నాళ్ళ నుంచో ఉన్న కోరిక. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో పెట్టిన రోజు నేనూ, మావారూ చెరో ఫోన్ పట్టుకుని కూర్చుంటే దొరికాయి. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే కదా తెరుస్తారు, ఆ ఉదయం నారాయణాద్రిలో బెర్తులు తీసుకున్నాం. వాళ్ళిద్దరూ నల్గొండలో ఎక్కాలని ఏర్పాటు.

బయల్దేరడానికి నాలుగు రోజుల ముందు మావారికి ఫోన్ వచ్చింది. ఏడాదిగా ఎదురుచూస్తున్న కంపెనీ. గురువారం పదకొండింటికి ఫైనల్ రౌండ్. మా దర్శనం కూడా గురువారమే. వీడియో ఇంటర్వ్యూయే అయినా, క్యూ కాంప్లెక్స్‌లోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. దర్శనం టికెట్ వేరే రోజుకి మార్చుకునే వీలు లేదు, డబ్బు తిరిగి ఇవ్వరు.

మావారు హాల్లో కూర్చునే ఆవిడకి తిరిగి ఫోన్ చేశారు. "మా నాన్నగారికి బాగా జ్వరం మేడమ్, ఆసుపత్రిలో చేర్పించాం" అన్నారు. పాపం ఆవిడ వెంటనే "ముందు ఆయన్ని చూసుకోండి, సోమవారం పెట్టుకుందాం" అంది. రెండు నిమిషాల్లో పని అయిపోయింది.

పక్క గదిలో హోంవర్క్ చేసుకుంటున్న మా వాడు అంతా విన్నాడు. వాడు ఏడో తరగతి. మాకు చెప్పకుండా నా ఫోన్ తీసుకుని నల్గొండకి ఫోన్ చేసి, "తాతయ్యా, నీకేమైంది? నిన్ను హాస్పిటల్‌లో పెట్టారా?" అని ఏడ్చాడు. మామయ్య గారు కొడుకుని ఒక్క మాట కూడా అనలేదు. రైల్లో మాత్రం, "నాకు రోగం అంటగడితే గానీ నీకు సెలవు ఇవ్వరా నాయనా?" అన్నారు. ఆ రాత్రంతా మావారు పై బెర్తు దిగలేదు.

సోమవారం ఇంటర్వ్యూలో వాళ్ళు అడిగిన మొదటి మాట, "మీ నాన్నగారికి ఎలా ఉంది?" అని. మర్యాద కోసం అడిగారు. దానికి ఇంకో అబద్ధం చెప్పాల్సి వచ్చింది.

ఉద్యోగం వచ్చింది. అసలు చిక్కు కూడా అదే. రాకపోయి ఉంటే "చూశావా, అబద్ధం చెబితే ఇలాగే అవుతుంది" అని పిల్లాడికి చెప్పి తప్పించుకునేవాళ్ళం. అబద్ధం పని చేసిందని వాడు కళ్ళారా చూశాడు. రెండు నెలల తర్వాత స్లిప్ టెస్ట్ రోజున కడుపునొప్పి అని లీవ్ లెటర్ రాసి, సంతకం పెట్టమని నా ముందు పెట్టాడు. నొప్పి లేదని నాకు తెలిసిపోయింది. గట్టిగా అడిగితే, "నాన్న చెబితే తప్పు కాదా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

అందుకే ఇలాంటి చిక్కు వస్తే నిజమే చెప్పి, వేరే సమయం అడగాలన్నది నా అభిప్రాయం. ఇందులో నీతి ఒక్కటే కాదు, లెక్క కూడా ఉంది. ప్రైవేటు కంపెనీల్లో ఫైనల్ రౌండ్ దాకా పిలిచారంటే వాళ్ళకి మన మీద కొంత ఆసక్తి ఉన్నట్టే. ఇద్దరు ముగ్గురు అభ్యర్థులని వేర్వేరు రోజుల్లో చూడటం వాళ్ళకి మామూలే. అడిగే పద్ధతిలోనే తేడా ఉంటుంది.

పిలుపు వచ్చిన రోజే అడగండి. ముందు రోజు రాత్రి అడిగితే ఎవరికైనా చిరాకే. ముందు ఫోన్ చేసి, ఆ తర్వాత అదే మాట మెయిల్‌లో పెట్టండి. "ఈ ఉద్యోగం మీద నాకు చాలా ఆసక్తి ఉంది. కానీ గురువారం మా కుటుంబ ప్రయాణం ముందే ఖాయమైంది. మంగళవారం, బుధవారం ఏ సమయంలోనైనా వస్తాను, లేదా సోమవారం వీలవుతుంది" అంటే చాలు. యాత్ర కథంతా చెప్పనక్కర్లేదు. సెలవుకి ముందు రోజులే మొదట చెప్పండి. వాయిదా కన్నా ముందుకి జరపడం వాళ్ళకి సులువు. అలాగే ఉద్యోగం ఖాయమయ్యాక ముందే అనుకున్న ప్రయాణాలు ఏవైనా ఉంటే, చేరే తేదీ ఒప్పుకునే ముందే చెప్పేయండి.

"మార్కెట్ బాగోలేదు, అడిగితే ఉన్న అవకాశం పోతుంది" అని మీరు అనొచ్చు. నిజమే, పోవచ్చు కూడా. ఉద్యోగం పోయి నెలల తరబడి ఇంట్లో ఉన్నవాళ్ళకీ, ఉన్న ఉద్యోగం నుంచి మారాలనుకునేవాళ్ళకీ ఒకే సలహా పనికిరాదు. యూపీఎస్సీ లాంటి ప్రభుత్వ ఇంటర్వ్యూల తేదీలు మామూలుగా మార్చరు. అలాంటప్పుడు ఇంటర్వ్యూకే వెళ్ళాలి. అయితే ఇంటిల్లిపాదీ ప్రయాణం మానుకోవాలని ఏముంది? మిగతావాళ్ళు బయల్దేరొచ్చు. ఇంటర్వ్యూ ఉన్నవాళ్ళు పని చూసుకుని రాత్రి బస్సెక్కి కలుసుకోవచ్చు, లేదా ఈసారికి ఆగిపోవచ్చు. ఆ మాట పిల్లలని కూర్చోబెట్టి చెప్పండి. "నీతో రావాలనే ఉంది, కానీ ఈ ఉద్యోగం మన ఇంటికి అవసరం" అంటే ఏడో తరగతి పిల్లాడికి అర్థమవుతుంది. కాసేపు అలుగుతాడు, అలగనివ్వండి.

ఇంకో మాట. కుటుంబంతో ముందే ఖాయమైన ప్రయాణం ఉందని మర్యాదగా చెబితే, ఇంకో సమయం చూడకుండానే కొట్టిపారేసే చోట రేపు పిల్లల పేరెంట్స్ మీటింగ్‌కి పూట సెలవు దొరుకుతుందా? ఆ జవాబు చేరకముందే తెలియడం మంచిదే.

లీవ్ లెటర్ గొడవ అయిన రాత్రి మావారు మా వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, "నేను చేసింది తప్పురా. ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డాను. తాతయ్యకి క్షమాపణ చెప్పాను, నీకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను" అన్నారు. వాడేమీ మాట్లాడలేదు. పొద్దున్నే ఆ లెటర్ చింపేసి స్కూలుకి వెళ్ళి టెస్ట్ రాశాడు. 25కి 11 వచ్చాయి. వాడే మాకు చూపించాడు.

మొన్న సంక్రాంతికి మా ఊరెళ్ళడానికి ఒక రోజు ముందే వాడిని బడి మాన్పించాల్సి వచ్చింది. లీవ్ లెటర్‌లో జ్వరం అని రాయలేదు. "ఊరికి వెళ్తున్నాం" అని రాశాను. క్లాస్ టీచర్ గారు చదివి, పోయిన పాఠం స్నేహితుడి దగ్గర రాసుకోమని చెప్పి పంపారు. అంతే. ఈ సెలవులకి మీరు రాసే లెటర్‌లోనూ ఉన్న కారణమే రాసి చూడండి.

– ఏడో తరగతి విద్యార్థి తల్లి