నీటి కింది ఊరు

ఇంట్లో కూర్చున్నవారికి ఊళ్లు చూపే వెబ్‌సైటు కట్టాలని మా కాలేజీ పిల్లలు కొందరు ముచ్చటపడుతున్నారు. వర్చువల్ టూర్ అంటారట. ఒకచోట నిలబడి నలుదిక్కులా ఫొటోలు తీసి అతికిస్తే, మనం తల తిప్పినట్టే తెరమీద బొమ్మ తిరుగుతుంది. బాగానే ఉంది. కాని బస్సెక్కి చూడగల గుడికి ఇంత హంగామా ఎందుకండీ? ఏ బస్సూ పోలేని ఊరొకటి మనకుంది. అది ఇక్ష్వాకుల రాజధాని విజయపురి.

1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను తవ్వి, బయటపడిన వాటిని కొలిచి పటాలు గీశారు. కొన్ని కట్టడాలను కొండమీదా, అనుపులోనూ తిరిగి పేర్చారు. లోయ మాత్రం సాగరు నీట మునిగింది. ఆ నీరే 1967లో కాలువలకెక్కింది. మా మాడుగులపల్లి వైపు వరిచేలు పచ్చగా ఉన్నాయంటే ఆ చలవే.

ఆ కొలతలు ముందుంచుకుని స్తూపాలనూ, విహారాలనూ ఎక్కడివక్కడ నిలబెట్టి చూపండని పిల్లలకు చెప్పాను. తవ్వకంలో దొరికిందేదో, మీరు ఊహించి చేర్చిందేదో వేరువేరు రంగుల్లో తెలపండన్నాను. కొండమీది మ్యూజియానికి లాంచీలో పోయే దారి కూడా చెబితే, తెర చూసినవారు ప్రయాణం కడతారు.

మన కంచంలో అన్నం కోసం మునిగిన ఊరు, మన పిల్లల కంటికైనా ఆనవద్దూ?