ఏ కాలేజీ చెల్లదో ముందే చెప్పండి

జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) చైర్మన్ గారికి,

నీట్ ఫలితాలు రాగానే విజయవాడలో, హైదరాబాద్‌లో కన్సల్టెన్సీల కరపత్రాలు మొదలవుతాయి. కిర్గిజ్‌స్తాన్ కానీయండి, జార్జియా కానీయండి, కాలేజీ ఫొటో కింద ‘ఎన్‌ఎంసీ గుర్తింపు’ అని అచ్చేస్తారు. విదేశీ కాలేజీలకు మీరు అలాంటి గుర్తింపేదీ ఇవ్వరని పిల్లల తల్లిదండ్రులకు చెప్పేవారేరీ?

2021 నిబంధనల్లో మీరు పెట్టిన షరతులు మంచివే. 54 నెలల చదువు, అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్, ఇంగ్లిషులో బోధన, ఆ దేశంలో ప్రాక్టీసు చేసే అర్హత ఉండాలన్నారు. వాటిని సరిచూసుకునే పని మాత్రం ఇంటర్ పాసైన పిల్లలకు వదిలేశారు. ఫిలిప్పీన్స్‌లో మన ఎంబీబీఎస్ స్థానంలో ఉండే ఎండీ నాలుగేళ్లే, అంటే 48 నెలలు. దానికి ముందు చదివే బీఎస్ డిగ్రీని అందులో కలిపి చూపించి ఏజెంట్లు సీట్లు అంటగట్టారు. ఈ లెక్క తెలిసేసరికి పొలం తాకట్టు పెట్టిన తండ్రి ఫీజు కట్టేసి ఉంటాడు. ఏజెంటు వాటా ఎటూ పోదు లెండి.

ఏ కాలేజీ గొప్పదో మీరు చెప్పనక్కర్లేదు. మీ నిబంధనలకు ఏది సరిపోదో చెబితే చాలు. ఏటా నీట్ ఫలితాలకు ముందే కాలేజీలవారీగా కోర్సు నిడివి, ఇంటర్న్‌షిప్ వివరాలు, విదేశాల్లో చదివొచ్చినవారు రాసే ఎఫ్‌ఎంజీఈ పరీక్షలో ఉత్తీర్ణత ఒకే పట్టికలో, తెలుగులో కూడా ప్రకటించండి. మీ పేరు వాడుకుంటున్న కన్సల్టెన్సీలపై కేసులు పెట్టించండి. ఈ ఏడాది అడ్మిషన్లు మొదలయ్యేలోపే ఇది జరగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక నీట్ విద్యార్థిని తల్లి, గుంటూరు