కంట్లో వరి పొట్టు పడిందా? ఆ చుక్కల మందుతో జాగ్రత్త.. ఎరుపు తగ్గినా ముప్పు తగ్గదు!

రాజాం: వరి కోతలు, నూర్పిళ్లు, ఆ తర్వాత మొక్కజొన్న.. రాజాం చుట్టుపక్కల పల్లెల్లో ఈ పనులు మొదలైతే కంట్లో నలక పడటం మామూలే. పొట్టు గుచ్చుకుంటుంది, ఆకు అంచు గీసుకుంటుంది. కన్ను ఎర్రబడుతుంది. పని మానుకుని డాక్టర్ దగ్గరికి ఎవరు వెళ్తారు? మెడికల్ షాపులో "కన్ను ఎర్రగా ఉంది, చుక్కలు ఇవ్వండి" అంటే పని అయిపోతుంది. చాలాసార్లు చేతికొచ్చేది యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిపిన మందు. రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది. అసలు సమస్య ఇక్కడే.

ఇంతకీ కంట్లో ఏం జరుగుతుంది?

నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొరే కార్నియా. మందం సుమారు అర మిల్లీమీటరు. అందులో రక్తనాళాలు ఉండవు, అందుకే పారదర్శకంగా ఉంటుంది. పైపొర మాత్రమే గీసుకుంటే ఒకటి నుంచి మూడు రోజుల్లో దానంతట అదే మానిపోతుంది. గాయం లోపలి పొరకు దిగితేనే కష్టం. సూక్ష్మక్రిములతో పోరాడటానికి తెల్ల రక్తకణాలు అక్కడికి చేరతాయి. అవి వదిలే ఎంజైములు క్రిములతో పాటు కార్నియాలోని కొల్లాజెన్‌నూ తినేస్తాయి. మానాక మిగిలే తెల్ల మచ్చనే ఊళ్లో "కంట్లో పువ్వు వేసింది" అంటారు.

అంటే వాపు, మంట ఒక్కసారే కాపాడతాయి, నష్టమూ చేస్తాయి. వాపు తగ్గించే మందులు మచ్చను తగ్గించగలవన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. ఆలోచన తప్పు కాదు. ఎప్పుడు, ఏ గాయానికి వాడాలన్నదే ప్రశ్న.

తమిళనాడు పరీక్ష ఏం చెప్పింది?

దీన్ని తేల్చడానికి పెద్ద ప్రయత్నమే జరిగింది. బ్యాక్టీరియా వల్ల కార్నియా పుండు వచ్చిన 500 మందిపై స్టెరాయిడ్ చుక్కలను పరీక్షించారు. వారిలో ఎక్కువ మంది తమిళనాడులోని అరవింద్ కంటి ఆసుపత్రుల రోగులే. ముందు 48 గంటలు యాంటీబయాటిక్ ఇచ్చి, ఆ తర్వాతే కొందరికి స్టెరాయిడ్ మొదలుపెట్టారు. 2012లో ఫలితాలు వచ్చాయి. మూడు నెలల తర్వాత చూపులో మొత్తం మీద చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే మొదట్లోనే చూపు బాగా పోయిన వారికి కొంత మేలు కనిపించింది. నొకార్డియా అనే బ్యాక్టీరియా ఉన్నవారిలో మాత్రం మచ్చ పెద్దదైంది.

ఇంకో మాట గమనించాలి. ఈ పరీక్షలో ఫంగస్ పుండ్లు ఉన్నవారిని చేర్చుకోలేదు. కానీ దక్షిణాది అధ్యయనాల్లో కార్నియా పుండ్లలో ఫంగస్ వాటా మూడో వంతు నుంచి దాదాపు సగం వరకు తేలింది. పొట్టు, ఆకు, మట్టితో తగిలే దెబ్బల్లో దాని భయమే ఎక్కువ. ఫ్యూజేరియం, ఆస్పర్జిల్లస్ లాంటి ఫంగస్ మీద సాధారణ యాంటీబయాటిక్ పనిచేయదు. పైగా స్టెరాయిడ్ శరీర రక్షణను అణిచేస్తుంది. నొప్పి, ఎరుపు తగ్గి "నయమైంది" అనిపిస్తుంది, లోపల ఫంగస్ మాత్రం లోతుకు పాకుతుంది. దానికి నాటమైసిన్ లాంటి వేరే మందు కావాలి.

నొప్పి తగ్గించే చుక్కలు కూడా అమాయకమైనవేం కావు. 1999లో అమెరికాలో డైక్లోఫెనాక్ చుక్కల జెనరిక్ రకం వాడిన కొందరిలో కార్నియా కరిగిపోవడంతో దాన్ని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. సరైన కేసులో, డాక్టర్ చూస్తుండగా వాడితే ఈ మందులు పనికొచ్చేవే.

చిన్న పరీక్షతో తేలిపోతుంది

పుండు నుంచి కొద్దిగా గీకి, కేఓహెచ్ ద్రావణం వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే ఫంగస్ ఉందో లేదో చాలావరకు తెలిసిపోతుంది. ఖర్చూ తక్కువే. చుక్కలు వేసుకునే ముందు జరగాల్సింది ఇదే, జరగనిదీ ఇదే. కంటి శిబిరాలంటే ఇప్పటికీ శుక్లాలు, కళ్లజోళ్లే గుర్తొస్తాయి. 2015-19 జాతీయ సర్వేలో మాత్రం 50 ఏళ్లలోపు వారి అంధత్వానికి కార్నియా మచ్చలే మొదటి కారణంగా తేలాయి. పొలం పనిచేసే వయసు అది.

ముదిరితే కార్నియా మార్పిడే దిక్కు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి విశాఖ క్యాంపస్ రాజాం నుంచి వంద కిలోమీటర్ల దూరం. రాజాంలో పుట్టిన సంస్థ పేరు మీదే అది జీఎంఆర్ వరలక్ష్మి క్యాంపస్ అయింది. మార్పిడికి దాత కన్ను దొరకాలి, తర్వాత నెలల తరబడి మందులు వాడాలి. విచిత్రమేంటంటే, కొత్త కార్నియాను శరీరం తిరస్కరించకుండా అప్పుడు డాక్టర్లు రాసేది కూడా స్టెరాయిడ్ చుక్కలే.

కంట్లో ఏదైనా పడితే నలపకుండా శుభ్రమైన నీళ్లతో కడగాలి. గుచ్చుకున్నది ఇంట్లో లాగొద్దు. ఆకు పసరు, చనుబాలు పోయొద్దు. నొప్పి పెరిగినా, వెలుతురు చూడలేకపోయినా, నల్లగుడ్డు మీద తెల్ల చుక్క కనిపించినా అదే రోజు కంటి డాక్టర్‌కి చూపించాలి. అప్పటికే చుక్కలు వేసుకుని ఉంటే ఆ సీసా వెంట తీసుకెళ్లండి. దాని మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్.. వీటిలో ఏ పేరున్నా డాక్టర్‌కి ముందే తెలియాలి. ఎందుకంటే ఆ మందు వాడిన కన్ను పైకి కనిపించేదానికంటే లోపల ఎక్కువ దెబ్బతిని ఉండొచ్చు.