ఉన్నవి సరే, కావాల్సినవి సరే... వాయించినవేవి?

మొన్న శనివారం మళ్ళీ అదే జరిగింది. ఇక్కడ శాన్ హోసేలో మా అనలాగ్ సింథసైజర్ల గుంపు నెలకోసారి ఎవరో ఒకరి గరాజ్‌లో కలుస్తుంది. పదిమందిమి, అందులో ఇద్దరు తప్ప అందరం సాఫ్ట్‌వేర్ బాపతే. కూర్చున్న దగ్గర్నుంచీ లేచేదాకా రెండే ప్రశ్నలు. నీ దగ్గర ఏమేం ఉన్నాయి? ఇంకేం కొనాలనుకుంటున్నావు? ఒకాయన తన జూనో-106లో చచ్చిపోయిన వాయిస్ చిప్పులు ఎలా మార్పించాడో అరగంట చెప్పాడు. ఇంకొకాయన ప్రాఫెట్-5లో రెవ్ 2 గొప్పదా, రెవ్ 3 గొప్పదా అని తగువు పెట్టాడు. మరొకాయనకి యమహా సీఎస్-80 కావాలిట. 1982లో వచ్చిన 'బ్లేడ్ రన్నర్' సినిమాకి వాంగెలిస్ వాడిన వాయిద్యం అది, బరువు దాదాపు 100 కిలోలు. ఆయనుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. నేనూ తక్కువ తినలేదు. నా మినీలాగ్ గురించీ, కొనబోయే ప్రాఫెట్ గురించీ బాగానే వాయించాను, నోటితో.

ఇంటికొస్తుంటే కార్లో తట్టింది. మూడు గంటల్లో ఒక్కరు కూడా "ఇదిగో, ఇది నేను చేశాను, వినండి" అని ఒక్క నిమిషం ముక్క వినిపించలేదు. నాతో సహా.

అందుకే ఈ టపా. ఆ గుంపులో తెలుగు చదవగలిగింది నేనొక్కణ్ణే కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను :)

తెలీనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అనలాగ్ సింథసైజర్ అంటే వోల్టేజితో పాడించే యంత్రం. చాలావాటిలో లెక్క ఒకటే, ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకెళ్తుంది. ఆసిలేటర్ సర్క్యూట్ తరంగాన్ని పుట్టిస్తుంది, ఫిల్టర్ దాన్ని చెక్కుతుంది, మిగతాదంతా ఆ చెక్కడాన్ని కాలంతో పాటు మార్చే ఏర్పాటు. 1970లో వచ్చిన మినీమూగ్ ఈ పనంతా చంకన పెట్టుకుని స్టేజి ఎక్కగలిగే సైజులోకి తెచ్చింది. చిక్కేంటంటే, ట్రాన్సిస్టర్లు వేడికి మారిపోతాయి. దాంతో శ్రుతి మెల్లిగా జారుతుంది. పాతవాటిని వాడేముందు కాసేపు ఆన్ చేసి వేడెక్కనిచ్చి, అప్పుడు శ్రుతి చేసుకోవాలి. మన ఆఫీసుల్లో అయితే దీనిమీద పీ1 బగ్ పడుతుంది. మావాళ్ళు మాత్రం దీన్ని 'వెచ్చదనం' అంటారు. 2020లో ప్రాఫెట్-5ని మళ్ళీ తయారుచేసినప్పుడు, స్థిరంగా ఉండే ఆసిలేటర్లు పెట్టి, పక్కనే 'వింటేజ్' అని ఒక నాబ్ కూడా పెట్టారు. అంటే బగ్ ఫిక్స్ చేసేసి, ఆ బగ్ ఎంత కావాలో మనమే తిప్పుకునే సదుపాయం ఇచ్చారన్నమాట.

ఆ శబ్దం బాగుండదని నేననట్లేదు. చాలా బాగుంటుంది. హెడ్‌ఫోన్స్‌లో రెండు ఆసిలేటర్లు ఒకదానికొకటి కొద్దిగా ఎడంగా జారుతూ ఉంటే ఒళ్ళు పులకరిస్తుంది. నా గొడవ శబ్దంతో కాదు, దాని చుట్టూ మేం చెప్పుకునే కబుర్లతో.

మొదటి కబురు: గొప్ప వాయిద్యం ఉంటేనే గొప్ప సంగీతం వస్తుంది.

చరిత్ర తిరగేస్తే సరిగ్గా దీనికి ఎదురుగా ఉంది. రోలండ్ కంపెనీ 1980ల మొదట్లో టీబీ-303 అని ఒక చిన్న డబ్బా తెచ్చింది. ఒంటరిగా సాధన చేసుకునే గిటారిస్టులకి తోడుగా బేస్ వాయించి పెట్టడం దాని పని. ఆ పని అది దరిద్రంగా చేసింది. ప్రోగ్రామ్ చెయ్యడం నరకం, శబ్దం బేస్ గిటార్‌లా అస్సలు ఉండదు. దాదాపు పదివేలు తయారుచేసి, 1984కల్లా ఆపేశారు. ఈలోగా 1983లో యమహా డీఎక్స్7 వచ్చింది, పూర్తిగా డిజిటల్. జనం అనలాగ్ సరుకుని వచ్చినకాడికి అమ్ముకున్నారు. అలా సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చిన ఒక 303 చికాగోలో ఫ్యూచర్ అనే బృందం చేతిలో పడింది. వాళ్ళు దాన్ని బేస్ గిటార్‌లా పలికించే ప్రయత్నమే చెయ్యలేదు. పాట్రన్ నడుస్తుండగా నాబ్‌లు తిప్పుతూ పోయారు. 1987లో వచ్చిన 'యాసిడ్ ట్రాక్స్' అదే. ఒక కొత్త సంగీత శైలికే దాన్నుంచి పేరొచ్చింది.

అంతకు ఐదేళ్ళ ముందే, 1982లో, బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సినిమా వాయిద్యకారుడు అదే 303ని, ఒక టీఆర్-808 డ్రమ్ మెషీన్‌ని, ఒక జూపిటర్-8ని ముందేసుకుని పది రాగాలని డిస్కో తాళం మీద వాయించి రికార్డు వేశాడు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక ప్రపంచమంతా నోరెళ్ళబెట్టింది. ఆయన వాడిన మూడు యంత్రాలూ ఇవాళ మా గుంపువాళ్ళ 'కావాల్సినవి' జాబితాలో పైనుంటాయి. పది రాగాలు తెలిసి ఉండడం మాత్రం ఎవరి జాబితాలోనూ లేదు.

రెండో కబురు: మేం వీటిని భావితరాలకి కాపాడుతున్నాం.

1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి ఒక మూగ్ మాడ్యులర్ వచ్చింది. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి స్టూడియో అమర్చి పెట్టాడు. అప్పట్లో మూగ్ అంటే అమెరికాలోనే కొద్దిచోట్ల ఉండే వస్తువు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా దాంతో ప్రయోగాలు చేశారు. మూడు నాలుగేళ్ళలో ఆ సందడి అయిపోయింది. తర్వాత దశాబ్దాలపాటు ఆ సంగతే ఎవరికీ పట్టలేదు. ఇవాళ మనం దాని గురించి మాట్లాడుకుంటున్నామంటే కారణం, ఆ ఐదుగురూ రికార్డు చేసిన టేపులు ఆ సంస్థ ఆర్కైవ్‌లో దొరికాయి, 2023లో ఆల్బమ్‌గా వచ్చాయి. ఆ టేపులే లేకపోతే ఆ మూగ్ స్టాక్ రిజిస్టర్లో ఒక లైను, అంతే.

మా గరాజ్ సంగతి చూడండి. రేపు మేం పోయాక మా పిల్లలకి దొరికేది ప్లాస్టిక్ కవర్లు కప్పిన పది యంత్రాలు, వాటి బిల్లులు. ఏం కాపాడినట్టు?

మూడో కబురు: మా డబ్బు, మా ఇష్టం, మధ్యలో నీకేంటి నొప్పి?

ఒప్పుకుంటాను, ఎవరి డబ్బు వాళ్ళిష్టం. కానీ చికాగో కుర్రాళ్ళ చేతికి 303 రావడానికి కారణం అది ఎవరికీ అక్కర్లేని చవక వస్తువు కావడం. కొత్తప్పుడే దాని ధర 395 డాలర్లు. ఇవాళ అదే డబ్బా వేల డాలర్లు. ఆ ధర పెంచింది వాయించేవాళ్ళు కాదు, జీతాలు బాగా వచ్చి సాయంత్రాలు ఖాళీగా ఉండే మనలాంటివాళ్ళం. పోనీ చవకరకం నకళ్ళు వచ్చాయి కదా అంటారా? వచ్చాయి. మినీమూగ్‌కి నకలుగా బెహ్రింగర్ మూణ్ణాలుగొందల డాలర్లకే ఒకటి తెచ్చింది. మొన్న ఒక కాలేజీ కుర్రాడు దాన్ని పట్టుకొస్తే మావాళ్ళ మొహాలు చూడాలి! ఇంకొకరి డిజైన్‌ని కాపీ కొట్టడం న్యాయమా అని అడిగితే అది నిజంగా ఆలోచించాల్సిన ప్రశ్నే. అక్కడ ఎవరూ అది అడగలేదు. "సౌండ్‌లో ఆ ఇది లేదు" అన్నారు, వాడింకా స్విచ్ వెయ్యకముందే.

ఇక నా సంగతి. తెనాల్లో మా బాబాయి ఇరవయ్యేళ్ళకి పైగా పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తున్నాడు. ఒకటే కీబోర్డు. అందులో పైస్థాయిలో ఒక కీ పనిచెయ్యదు. పాటలో ఆ స్వరం వచ్చిందంటే టక్కున కింది స్థాయికి దిగి వాయించి మళ్ళీ పైకెక్కుతాడు. పక్కన కూర్చుని విన్నా తెలీదు. పోయిన సంక్రాంతికి వీడియో కాల్ చేసినప్పుడు నా వెనకాల అల్మారాలో ఉన్న మినీలాగ్, ఎమ్మెస్-20 మినీ, వోల్కా చూశాడు. "ఒరే, ఇన్ని కొన్నావు, ఏదీ, ఒకటి వాయించరా" అన్నాడు. నేను గొప్పగా ఫిల్టర్ తిప్పుతూ ఒక బేస్ లైన్ వాయించాను. నలభై సెకన్లు. నాకొచ్చింది అంతే.

"బావుందిరా. తరవాత?" అన్నాడు.

ఆయన ఎగతాళి చెయ్యలేదు. నిజంగానే పల్లవి అయింది కదా, చరణం వస్తుందని ఎదురుచూశాడు. నెట్‌వర్క్ బాలేదని కాల్ కట్ చేశాను. నాలుగేళ్ళలో మూడు వాయిద్యాలు కొన్నాను. ఒక్క పాట పూర్తి చెయ్యలేదు. అడ్డం పడింది ప్రాఫెట్ లేకపోవడం కాదని ఆయనకి నలభై సెకన్లలో అర్థమైపోయింది. నాకు నాలుగేళ్ళు పట్టింది.

పాట పూర్తిచేస్తే అది బాలేదని తేలే ప్రమాదం ఉంది. కొంటే ఆ ప్రమాదం లేదు. మన భయమంతా అదే. రివ్యూకి పెట్టని కోడ్‌లో బగ్గులుండవు కదా!

కాబట్టి వచ్చే నెల మీటింగులో నేనొక రూల్ పెట్టమని అడగబోతున్నాను. జాబితాలో ఉన్నవి, కావాల్సినవి కాక మూడో గడి ఒకటి ఉండాలి: వాయించినవి. రెండు నిమిషాల ముక్క తేనివాడికి తర్వాత ఏం కొంటాడో చెప్పే హక్కు లేదు. ఎంత చెత్తగా ఉన్నా ఫరవాలేదు, మొదలూ చివరా ఉండాలి. నా ప్రాఫెట్ డబ్బులు అప్పటిదాకా బ్యాంకులోనే ఉంటాయి.

వాయిద్యం కొనే స్తోమత లేదు, నేర్చుకోవాలనుంది అనేవాళ్ళు వీసీవీ ర్యాక్ దింపుకోండి. మాడ్యులర్ సింథసైజర్ మొత్తం మీ ల్యాప్‌టాప్‌లో, ఉచితం, సోర్స్ కోడ్‌తో సహా. వోల్టుకో స్థాయి లెక్క అందులోనూ అదే.

"మాకెందుకీ సింథసైజర్ల గోల" అనుకుంటున్నవాళ్ళకి ఒక్కమాట. మంచం కింద గిటారు, బీరువాలో మూడు లెన్సుల కెమెరా... ఉన్నాయా లేవా? నిజం చెప్పండి.

తిట్టదల్చుకున్నవాళ్ళు నిరభ్యంతరంగా తిట్టండి. కాకపోతే తిట్టుతో పాటు మీరు చేసిన రెండు నిమిషాల ముక్క కూడా జతచెయ్యండి. మొదట అది వింటాను, తర్వాత తిట్లు తింటాను.