వెనక పన్నేగా, ఎవరు చూస్తారు?

మిక్సీ జార్ బ్లేడు అరిగిందంటే సాయంత్రానికల్లా కొత్తది వచ్చేస్తుంది. స్కూటర్ టైరు సంగతి సరేసరి. ఇంటి ఇల్లాలి దవడ పన్ను ఊడితే మాత్రం ఆ ఖాళీ ఏళ్ల తరబడి ఖాళీగానే ఉండిపోతుంది. ఎందుకంటే అది ఎవరికీ కనిపించదు కదా!

ఎప్పుడైనా గమనించారా? మా వికారాబాద్, తాండూరు వైపు జొన్న రొట్టె లేకుండా పూట గడవని ఇళ్లు ఇప్పటికీ ఎన్నో. నలభై దాటిన ఆడవాళ్లు ఆ రొట్టె తినే తీరు చూడండి. చాలామంది ఒక పక్కే నములుతారు. ఇంకొందరు పప్పులో నానబెట్టి మింగేస్తారు. సకినాలు, మక్క కంకులు పిల్లలకు పెట్టి తాము మాత్రం ‘నాకొద్దులే’ అంటారు. అది త్యాగం అనుకుంటాం మనం. కాదు, నమలలేక!

అదే ముందు పన్ను అయితే కథ వేరు. పెళ్లి కావలసిన పిల్లకు ముందు పన్ను విరిగిందంటే తల్లిదండ్రులు అప్పు చేసైనా కట్టించేస్తారు. పెళ్లయ్యాక వెనక పన్ను పోతే? మా యారాలిని అడిగితే ఏమందో తెలుసా? ‘ఎనుక పన్నే గదక్కా, ఎవలు చూస్తరు? పోరగాని ఫీజు కట్టేదున్నది.’ నోరున్నది చూపించుకోవడానికే అని మనకెవరు నేర్పారో గాని, గట్టిగానే నేర్పారు.

పోయిన పన్నుతో నష్టం ఆ ఒక్కదానితో ఆగదు. పక్క పళ్లు మెల్లగా ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. ఎదురు దవడలో దానికి జోడీగా ఉన్న పన్ను, ఆనుకునేది లేక కిందికో పైకో జరుగుతుంది. సందుల్లో తిండి ఇరుక్కుని మంచి పళ్లు కూడా పుచ్చుతాయి. అంటే ఒకటి పోయిందని ఊరుకుంటే ఇంకో రెండు ప్రమాదంలో పడతాయన్నమాట.

దీనికి తోడు మన నమ్మకాలొకటి. కాన్పుకో పన్ను పోతుందట! కడుపులో బిడ్డ తల్లి పళ్లలోంచి సున్నం లాక్కోదు. ఆ నెలల్లో హార్మోన్ల మార్పుల వల్ల చిగుళ్లు వాస్తాయి, వాంతుల్లోని ఆమ్లం పళ్లను తింటుంది, దానికి తోడు పట్టించుకోకపోవడం. అంతే. గర్భిణులు కూడా పళ్లకు వైద్యం చేయించుకోవచ్చు, నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా మరీ అనుకూలమని డాక్టర్లు చెబుతూనే ఉన్నారు. పైపన్ను పీకితే కంటిచూపు పోతుందనే మాటా అలాంటిదే. కంటి నరం వేరు, పంటి నరం వేరు.

ఇక బ్రిడ్జి సంగతి. పేరుకు తగ్గట్టే అది వంతెన. ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదీసి వాటికి తొడుగులు వేస్తారు. ఆ రెండు తొడుగులకూ అతికిన కృత్రిమ పన్ను మధ్యలో నిలుస్తుంది. అందుకే ఒక్క పన్ను పోతే మూడు పళ్ల లెక్క కడతారు. ‘మోసం చేస్తున్నార’ని చాలామంది అనుకునేది ఇక్కడే. మోసం కాదు, పని అలాంటిది.

కానీ నాకు ఒక అభ్యంతరం ఉంది. పక్క పళ్లు చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు వాటిని అరగదీయడం చిన్న విషయం కాదు. ఒకసారి అరగదీసిన పన్ను మళ్లీ పెరగదు. ఆ మాట కుర్చీలో కూర్చోకముందే చెప్పాలి. ఎముకలో టైటానియం మర పెట్టి దానిమీద పన్ను కట్టే ఇంప్లాంట్ పద్ధతిలో పక్క పళ్ల జోలికి పోనక్కర్లేదు. స్వీడన్‌లో 1965లోనే బ్రేనెమార్క్ అనే వైద్యుడు మొదటిసారి ఒక మనిషికి అలా అమర్చాడు. అయితే ఖర్చు ఎక్కువ, నెలలు పడుతుంది, షుగర్ అదుపులో ఉండాలి. తీసి పెట్టుకునే పళ్లు చవకే, కానీ కొందరికి వికారంగా ఉంటుంది. పక్క పళ్లకు ఎలాగూ పెద్ద సిమెంటో తొడుగో ఉంటే బ్రిడ్జే మేలు. ఏది ఎందుకు చెబుతున్నారో డాక్టర్‌ని అడగడానికి మనం మొహమాటపడతాం. చీర కొనేటప్పుడు పది చీరలు విప్పించేవాళ్లమే కదా, ఇక్కడెందుకు నోరు పెగలదు?

అసలు ఆ పన్ను పీకించుకోవడానికి ముందే అడగవలసిన ప్రశ్న ఇంకొకటుంది: రూట్ కెనాల్‌తో నిలబడుతుందా అని. ‘పీకేస్తే పీడ పోతుంది’ అనేది మగవాళ్ల పంటికి వినిపించే మాట కాదు, గమనించండి.

డబ్బే అడ్డమంటారు. కొంత నిజమే. వికారాబాద్‌లోనే శ్రీసాయి దంత వైద్య కళాశాల ఉంది. దంత కళాశాలల్లో విద్యార్థులు ప్రొఫెసర్ల కనుసన్నల్లో పనిచేస్తారు గనుక మామూలుగా బయటి క్లినిక్‌ల కన్నా ఖర్చు తక్కువే అవుతుంది. తాండూరు నుంచి రైలెక్కితే పెద్ద దూరమూ కాదు. అసలు అడ్డం టైము. పళ్లు అరగదీసి అచ్చు తీయడానికి ఒకరోజు, తొడుగులు సరిచూడడానికి ఇంకోరోజు, అతికించడానికి మరోరోజు. పన్ను పీకించుకున్నాక పుండు మానడానికి రెండు మూడు నెలలు ఆగాలి కూడా. నాపరాళ్ల పాలిషింగ్‌లో రోజుకూలీకి పోయే ఆడమనిషికి అన్ని రోజుల కూలి పోతుంది. ఇంట్లో ఉండేవాళ్లకు కూలి పోదు గాని, ఆ పూట వంటెవరు చేస్తారనే ప్రశ్న కూలి కన్నా పెద్దది!

కట్టించుకున్నాకా పని అయిపోలేదు. బ్రిడ్జి కింద సందులో తిండి చేరుతుంది, మామూలు బ్రష్ అక్కడికి అందదు. దానికోసం ప్రత్యేకమైన దారం, సన్నని బ్రష్ దొరుకుతాయి. రాత్రి గిన్నెలు తోముకున్నాక రెండు నిమిషాలు. అవి శుభ్రంగా ఉంచుకుంటే పదేళ్ల పైనే మన్నవచ్చు. లేదంటే తొడుగు కింద పన్ను పుచ్చి మొత్తం వంతెన కూలుతుంది.

మా యారాలు ఇంకా ఊగిసలాడుతూనే ఉంది. ‘అక్కా, ఒక్కదాన్నే పోవుడంటే బుగులైతది’ అంది మొన్న. తోడు నేనొస్తానన్నాను. మంగళవారం పొద్దున రైలుకి వెళ్తున్నాం. ఆ పూట వంట సంగతి మగవాళ్లకు ముందే చెప్పేశాం.