కావలివాడికి దొంగ పేరు ఎవరు పెట్టారు?



వాడలో సైకిలు పోతుంది. మిల్లులో రాగి తీగ మాయమవుతుంది. ఎవరు తీశారో విచారించకముందే "ఆ వీధి కుర్రాళ్ళ పనే" అనే మాట మన నోటి నుంచే వస్తుంది. ఈ అలవాటు మనకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆలోచించాలి.

గంజాం పల్లెల్లో దండాసీలు తరతరాలుగా ఊరి కావలివాళ్ళు. రాత్రంతా మేలుకొని మన గాదెలనూ కళ్ళాలనూ కాసింది వాళ్ళే. తెల్లదొరల లెక్కల పుస్తకాలు మాత్రం వాళ్ళను కావలివాళ్ళనీ దొంగలనీ ఒకే ఊపులో రాశాయి. 1871లో ఉత్తరాదిన పుట్టిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికి కూడా తెచ్చారు. 1936 వరకు మన గంజాం, బరంపురం ఆ రాష్ట్రంలోవే. దండాసీలూ ఆ జాబితాకెక్కారు.

ఆ చట్టం కింద నేరం రుజువు కానక్కరలేదు, ఆ కులంలో పుడితే చాలు. పేరు నమోదు చేసి వేలిముద్రలు తీసుకునేవారు. పోలీసుల ముందు హాజరు పలకాలి. అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. కొందరినైతే సెటిల్‌మెంట్లలో పెట్టారు. ఎరుకలవాళ్ళను స్టూవర్టుపురంలో ఉంచారు. షోలాపూరు సెటిల్‌మెంటు మనుషులు అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేశారు. పారిపోలేని కూలీ ఏ యజమానికి చేదు?

1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. కాగితం చిరిగింది కాని ముద్ర చెరగలేదు.

అమెరికా సమాజశాస్త్రవేత్త హోవర్డ్ బెకర్ 1963లో ఒక సంగతి విప్పి చెప్పాడు. ఏది తప్పో నిర్ణయించేదీ, ఎవరి నొసట ఆ ముద్ర వెయ్యాలో తేల్చేదీ బలమున్నవాళ్ళే అన్నాడు. మనకిది కొత్త కాదు. కార్మికుడి జేబులో ఒక కండె దొరికితే దొంగతనం. మన జీతంలో కోసుకున్న పి.ఎఫ్. సొమ్ము కట్టకుండా యజమాని వాడుకుంటే దాని పేరు 'బకాయి'. చట్టం దృష్టిలో అదీ నమ్మకద్రోహ నేరమే. అయినా గేటు దగ్గర ఆ జేబు ఎవరూ తడమరు.

ఆ ముద్ర మన మీదా పడింది. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ సూరత్ మరమగ్గాల కార్మికులు, గంజాం నుంచి పోయినవాళ్ళే ఎక్కువమంది, జీతాలివ్వండి, ఇళ్ళకు పంపండి అని రోడ్డెక్కారు. పదులమందిని పోలీసులు పట్టుకుపోయారు. ఆకలితో ఇంటికి పోతామనడం ఆ రోజు నేరమైంది.

తోటివాడి సొత్తు కాజేసినవాణ్ణి మేము వెనకేసుకు రాము. తప్పు చేసినవాడికి శిక్ష పడాలి. కాని ఆ శిక్ష మనిషికే పడాలి, వాడి వీధికీ కులానికీ కాదు.

అందుకే మేము కోరేది ఇది. గేటు తనిఖీ ఉంటే ఆఫీసర్లతో సహా అందరికీ ఒకేలా ఉండాలి, యూనియన్ ప్రతినిధి ఎదుట జరగాలి. ఫిర్యాదులో కులం పేరు, వీధి పేరు ఎత్తకూడదు. అనుమానం మీద పట్టుకున్న కార్మికుడికి నేరం రుజువయ్యేదాకా యూనియన్ అండగా నిలవాలి.

రేపు మళ్ళీ ఏదైనా పోతుంది. అప్పుడు "ఆ వీధి కుర్రాళ్ళే" అనే ముందు, సూరత్‌లో మనల్ని అన్న మాట గుర్తు చేసుకుందాం.